ఏడో మలుపు

ఒసాకా నుంచి పార్సెల్ వచ్చేసరికి
కోట్కా రేవులో నీళ్లు గడ్డకట్టి పదకొండు రోజులు.
అట్టపెట్టెలో ఒక డిస్కు, ఒక ఉత్తరం,
ఉత్తరం మూల ఎవరిదో కాఫీ మరక.

పంతొమ్మిదేళ్లుగా పడుకున్న ఆట.
పేరు ఉప్పుదారి.
సోర్స్ కోడ్ ఏదండీ అంటే
ఆఫీసు మారినప్పుడు పోయిందన్నారు,
ఇల్లు మారుతుంటే గరిటె పోయినంత తేలిగ్గా.

మమ్మల్నొక్కళ్లనే అడగలేదు.
ఇంకో రెండు స్టూడియోలున్నాయట, పేర్లు చెప్పరు.
ముగ్గురూ తలా ఒక మలుపు కట్టి చూపాలి.
ఒక్కటంటే ఒక్కటే.
ఇచ్చే డబ్బు హీటరు బిల్లుకి వస్తుంది, మార్చి దాకా.

మేం తొమ్మిదిమందిమి, చేపల గోదాం పైన అద్దెకుంటాం.
ఇప్పటిదాకా చేసినవన్నీ పరాయి పనులే:
ట్రాక్టర్ కంపెనీకి బొమ్మ డాష్‌బోర్డు,
పిల్లల బ్యాంకు యాప్‌లో నాణేలేరుకునే ఉడుత.

ఏ మలుపు అని ఎవరూ అడక్కముందే
పిర్కా అన్నాడు: ఏడోది.

లైట్‌హౌస్ దాటగానే రోడ్డు ఎడమకి విరుగుతుంది.
బ్రేకు వేశావా, అందరి కారులాంటి కారే.
వేయకుండా గోడకి భుజం రాశావా
కారు ఒక్క క్షణం తన బరువు మర్చిపోతుంది.
కింద రోడ్డుండదు.
పడిపోవడమూ ఉండదు.
ఆడిన పిల్లలందరికీ తెలుసా క్షణం.
కొనిపెట్టిన పెద్దవాళ్లకి తెలీదు.

దాన్ని ఎవరు కట్టారని ట్యూరె ఉత్తరం రాసింది.
కంపెనీ పలకలేదు, ఒకామె పలికింది.
సుమియే హగివారా. ఇప్పుడు
లిఫ్టులు బాగుచేసే చోట లెక్కలు చూస్తుందట.
"అది మలుపు కాదండీ, పొరపాటు.
ఆ రాత్రి నాకు జ్వరం.
గోడకి మందం ఇవ్వడం మర్చిపోయాను.
పొద్దున దిద్దుదామనుకున్నా,
పొద్దుటికే డిస్కు అచ్చుకెళ్లింది.
ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.
మీరైనా సరిచేయండి."

సరిచేయడం మాకు నిమిషం పని.
మా ఇంజిన్ మంచిది, అదే వచ్చిన చిక్కు.
గోడ కనిపిస్తే చాలు, అడక్కుండా మందం పోస్తుంది.
తప్పు చేయవే అంటే దానికి చేతకాదు.
ఆమె జ్వరంలో ఒక్క రాత్రి చేసింది
ఒంట్లో బాగున్న తొమ్మిదిమందికి ఆరు వారాలు పట్టింది.

రోజూ సాయంత్రం పిర్కా ఆడి చూసేవాడు.
బొటనవేళ్లు మాత్రం పద్నాలుగేళ్ల కుర్రాడివి.
కాదు, అనేవాడు. ఇంకా బరువుంది.
కాదు. ఇప్పుడు మరీ తేలిక, బూరలా ఉంది.
కాదు.
ఒక గురువారం ఏమీ అనలేదు.
కంట్రోలర్ బల్ల మీద పెట్టి
కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు,
రేవులో మంచు చీల్చుకుంటూ పోతున్న ఓడని చూస్తూ.

చిన్న వీడియో సుమియేకి కూడా పంపాం.
ఒక్క వాక్యం వచ్చింది:
"గోడ ఇంకా పల్చగానే ఉందే."
అది ఫిర్యాదో, మరేదో
ట్యూరె రెండు రోజులు ఆలోచించింది.

ఏప్రిల్‌లో మంచు విరిగింది, మెయిల్ వచ్చింది.
మర్యాదగా ఉంది. మాంట్రియల్ వాళ్లకిచ్చారట.
కథ మాంట్రియల్‌కి, మనం ఇంటికి, అన్నాన్నేను.
ఎవరూ నవ్వలేదు.
ఒప్పందం ప్రకారం అన్నీ చెరిపేయాలి. చెరిపేశాం.
సంతకం పెట్టింది నేనే.

జూన్‌లో వాళ్ల ప్రచార వీడియో చూశాను.
అబద్ధమెందుకు, బాగుంది.
వాన పడిన రోడ్డు చేప వీపులా మెరుస్తోంది.
గోడలో రాయి రాయీ లెక్కపెట్టొచ్చు.
కారు తగిలింది, నిప్పురవ్వలు లేచాయి,
ఆగింది.

ఆ రాత్రి ఇంటికి పోతూ
వంతెన దిగాక ఎడమకి విరిగే చోట
బ్రేకు మీద నా కాలు
కొంచెం ఆలస్యంగా పడింది.